ఎడమవైపు బల్ల

ఫిబ్రవరి 3

చెల్లీ,

ఫోను చేస్తే ఎత్తడం లేదని నిష్ఠూరమాడావు. ఎత్తి ఏం చెయ్యను? ముప్పై నాలుగేళ్ళు రోడ్డు రోలరు నడిపిన చెవులివి. మనిషి ఎదురుగా ఉంటే పెదవులు చూసి సగం, ఊహించుకుని సగం లాక్కొస్తాను. ఫోనులో పెదవులు కనపడవు కదా. అందుకని నీకు నచ్చినా నచ్చకపోయినా మనకు ఉత్తరాలే గతి.

ఇక్కడ ఒక వింత. మా పెద్దాసుపత్రి వ్యాయామం గదిలో వయసు మళ్ళినవాళ్ళ మీద ఏదో పరిశోధన చేస్తున్నారు. ఇనుప పలక ఒకటి ఉంటుంది, బరువు తూచే కాటా అంత. దాని మీద మోకాళ్ళు కొంచెం వంచి నిలబడితే అది వణుకుతుంది. నిమిషం వణుకు, నిమిషం విరామం, అలా పదిసార్లు. వారానికి మూడురోజులు, మంగళ, గురు, శనివారాలు. పన్నెండు వారాలు. ఒళ్ళంతా అలా కంపిస్తే ముసలి మెదడుకు ఏమైనా మేలు జరుగుతుందా అని చూస్తారట. నవ్వు వచ్చింది. కంపించడమే మందయితే నేను ఈపాటికి మహామేధావిని అయి ఉండాలి.

అయినా చేరాను. మీ వదిన పోయాక ఉదయం పూట చొక్కా గుండీలు పెట్టుకుని బయలుదేరడానికి ఒక చోటంటూ లేకపోయింది. ఆ వణికే బల్లలు రెండు. కుడివైపుదొకటి, ఎడమవైపుదొకటి. చీటీలు తీశారు, నాకు ఎడమది వచ్చింది. నాతో కలిపి తొమ్మిదిమందిమి ఎడమవాళ్ళం.

మొదటిరోజు పరీక్ష పెట్టారు. ఇదంతా నడిపే పరిశోధన అమ్మాయి పదిహేను మాటలు నెమ్మదిగా, పెదవులు కనపడేలా చదివింది. గుమ్మం, చెంచా, గుర్రం, ఇలాంటివి. తిరిగి చెప్పమంది. ఆరు చెప్పాను. ఏడోది ఎంత తడుముకున్నా రాలేదు. ఆ అమ్మాయి "పరవాలేదు సార్" అన్నప్పుడు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆరువారాలు కాగానే, అంటే మార్చి పదకొండున, మళ్ళీ పరీక్షట. అప్పటికైనా పరువు నిలబెట్టుకోవాలి.

బావ ఎలా ఉన్నాడు? నువ్వు రాసినదాంట్లో బావ సంగతి ఒక్క ముక్క లేదు. నువ్వు రాయలేదంటే ఏదో ఉందని అర్థం.

నీ రోలరన్నయ్య


ఫిబ్రవరి 12

అన్నయ్యా,

మహామేధావిగారి ఉత్తరం అందింది. ఆరు మాటలకే అంత సిగ్గుపడితే ఎలా? మా దుకాణానికి వచ్చే ఆడవాళ్ళు కొలతలిచ్చి ఇంటికెళ్ళేసరికి ఏ గుడ్డ ఇచ్చారో మరిచిపోతారు. వాళ్ళంతా సిగ్గుపడుతున్నారా?

మీ బావ సంగతి అడిగావు. రాయకూడదనే అనుకున్నాను. పోయిన నెల ఒకాయన కోటుకు రెండు చేతులూ ఎడమచేతులే కత్తిరించారు. నలభై ఏళ్ళుగా కత్తెర పట్టిన మనిషి. నేను గుండీకాజాలు కుట్టబోతూ చూసి, ఏమీ అనకుండా ఇంకో గుడ్డ తెప్పించి, నేనే కత్తిరించి కుట్టాను. ఆయనకు తెలియదు. తెలియకపోవడమే నాకు భయంగా ఉంది. ఒకేరోజు ఒకే మనిషికి మూడుసార్లు కొలతలు తీశారు. ఆ మనిషి మంచివాడు కాబట్టి మూడుసార్లూ చేతులు చాపి నిలబడ్డాడు.

జ్ఞాపకశక్తి డాక్టరు దగ్గర పేరు రాయించాను. ఏప్రిల్ రెండోవారంలో రమ్మన్నారు. ఆ పేరెత్తితేనే మీ బావకు మండిపోతుంది. "నేను పిచ్చివాణ్ణా?" అంటారు.

నీ బల్ల నిజంగా పనిచేస్తే చెప్పు. ఇక్కడ వ్యాయామం సామాన్ల దుకాణంలో అలాంటిదే ఒకటి అద్దాల వెనక పెట్టారు. డాక్టరంటే రాని మనిషి బల్లంటే ఎక్కుతారేమో. నాకు ఇంకెవర్ని అడగాలో తెలియదు. నీ మాట మీదే ఉంటాను, ఆలోచించుకుని రాయి.

చేతికి సూది గుచ్చుకుని వేలికి గుడ్డ చుట్టుకున్న
నీ చెల్లి


మార్చి 16

చెల్లీ,

కాస్త కూర్చుని చదువు, కథ పెద్దది.

మొదటిరోజు నుంచీ నాకు అనుమానమే. ఎడమబల్ల ఎక్కితే మోత బాగానే వస్తుంది, నా చెవులకే వినిపిస్తుందంటే చూసుకో. కాని వణుకు ఏదీ? రోలరు మీద ఉన్నప్పుడు కింద కంకర గట్టిపడిందో లేదో అరికాళ్ళతోనే చెప్పేవాణ్ణి. ఇంజనీర్లు పరికరాలు పెట్టి చూసి చివరకు నేను చెప్పిందే రాసుకునేవారు. ఆ అరికాళ్ళు చెబుతున్నాయి, ఇది ఉత్త హడావుడి అని. అమ్మాయికి చెప్పాను. "ఒక్కొక్కరికి ఒక్కోలా అనిపిస్తుంది సార్, మీరు మామూలుగా నిలబడండి" అంది. చదువుకున్న పిల్లలకు యంత్రం పాడయిందని చెబితే నమ్మరు.

పదమూడో తారీఖు గురువారం ఉదయం నేను తొందరగా వెళ్ళాను. అమ్మాయి అద్దాల గదిలో ఎవరికో పరీక్ష పెడుతోంది. నా జేబులో మడతపెట్టే పానా ఎప్పుడూ ఉంటుంది కదా. బల్ల వెనకరేకు విప్పి చూశాను. అనుకున్నంతా అయింది! మోటారుకూ పలకకూ మధ్య ఉండాల్సిన కడ్డీ ఊడిపోయి ఉంది. దాని స్థానంలో ఎవడో పనిరానివాడు రబ్బరు ముక్క కుక్కాడు. రబ్బరు తీసి జేబులో వేసుకుని, కడ్డీ తగిలించి, బిగించి, రేకు మూసేశాను. పది నిమిషాల పని. ఎక్కి చూస్తే పళ్ళు టకటకలాడాయి. వెనక వచ్చినవాళ్ళంతా "ఇవాళ భలేగా ఉందే" అని మొహాలు చూసుకున్నారు. ఎవరికీ చెప్పలేదు. చెబితే పాపం ఆ అమ్మాయికి అజాగ్రత్త అని పైవాళ్ళు చీవాట్లు పెడతారు.

అలా బాగుచేశాక పరీక్ష పెట్టారు. ఎన్ని చెప్పానో తెలుసా? పది! పదిహేనుకు పది. మొన్నటి ఆరు, ఇప్పటి పది. ఇంకేం కావాలి? పనిచేస్తుంది చెల్లీ. అసలు వణకాలే గాని, పనిచేస్తుంది.

బావను అడిగానని చెప్పు. 

పదిమాటల మొనగాడు
అన్నయ్య


మార్చి 24

అన్నయ్యా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను, మీ బావకు పైకి చదివి వినిపించాను. ఆయన తీసుకుని మళ్ళీ ఆయనే చదువుకున్నారు. ఎన్నాళ్ళకో నవ్వారు. "మీ అన్నయ్య చెయ్యి పడితే రాయయినా కదలాల్సిందే" అన్నారు.

ఇంతకంటే రుజువు ఏముంటుంది? కదలనప్పుడు ఆరు, కదిలాక పది. పైగా చెప్పింది నువ్వు. ఇంకొకరైతే ఆలోచించేదాన్ని. చిన్నప్పుడు పక్కింటి కిటికీ అద్దం పగలగొట్టి, నాన్న అడగకముందే ఎదురెళ్ళి చెప్పినవాడివి. ఆ రోజు నుంచి ఇంట్లో నీ మాటకు తిరుగులేదు.

అందుకని బల్ల తెప్పించేశాను. దుకాణం వెనకగదిలో, ఇస్త్రీబల్ల పక్కన పెట్టాం. డాక్టరు అంటే గింజుకున్న మనిషి బల్లను చూడగానే చెప్పులు విప్పి ఎక్కారు. వణుకుతూ "నా గొంతు చూడవే, మేకలా వస్తోంది" అని ఒకటే నవ్వు.

ఇంకొకటి. డాక్టరు తేదీ రద్దు చేయించాను. రోజూ ఆ మాట మీద గొడవలు పడలేక చచ్చిపోతున్నాను. బల్ల ఉందిగా, ఇక ఆ డాక్టరెందుకు? మా స్థానం ఇంకెవరికో ఇచ్చేశారు. చాలా రోజుల తరువాత నిన్న హాయిగా నిద్రపోయాను. అంతా నీ చలవ.

నీ చెల్లి


ఏప్రిల్ 6

చెల్లీ,

ఉత్తరం ఆలస్యమైంది, ఏమీ అనుకోకు. ఇక్కడ ఎండలు ముదిరాయి. మేడ మెట్ల దగ్గర పంపు కారుతుంటే వాషరు మార్చాను.

డాక్టరు తేదీ వదులుకోకుండా ఉండాల్సింది. మళ్ళీ అడిగి చూడు. బతిమాలయినా సరే తీసుకో. బల్ల మీద మరీ అంత నమ్మకం పెట్టుకోవద్దు. ఎందుకంటావా, తరువాత రాస్తాను. ఇవాళ చెయ్యి సరిగా లేదు.

బావను జాగ్రత్తగా చూసుకో.

అన్నయ్య


ఏప్రిల్ 13

అన్నయ్యా,

నీ ఉత్తరం చదివి మొదట నాకు కోపం వచ్చింది. తనకు పది మాటలు రాగానే ఇక మా ఆయనకు బల్లెందుకు అంటున్నాడు, మా ఆయన పని అయిపోయిందని తేల్చేసి చెప్పలేక నీళ్ళు నములుతున్నాడు అనుకున్నాను. రెండురోజులు నిన్ను మనసులో ఎన్ని తిట్టానో నాకే తెలియదు.

ఇక్కడ జరిగింది విను. మీ బావ బల్ల ఎక్కుతారు, దిగుతారు, దిగిన సంగతి మరిచిపోతారు. మళ్ళీ ఎక్కుతారు. నేను ముందుగదిలో కుట్టుకుంటూ మోత వింటూనే ఉన్నాను, శ్రద్ధగా చేస్తున్నారని మురిసిపోయాను. పోయిన వారం శనివారం చూస్తే మోకాళ్ళు రెండూ బూరెల్లా వాచి ఉన్నాయి. "ఎన్నిసార్లు ఎక్కారు?" అంటే "ఇవాళ ఇంకా ఎక్కలేదే" అన్నారు. ఆ మాటకు నాకు ఏడుపు ఆగలేదు. బల్లకున్న కరెంటు తీగ ఊడదీసి బీరువాలో దాచాను. దగ్గర్లో ఉన్న డాక్టరు చూసి మోకాళ్ళకు పట్టీలు కట్టారు. నడుస్తున్నారు, కంగారుపడకు.

మంచం మీద కూర్చుని నీ ఉత్తరాలన్నీ ముందేసుకుని చదువుతున్నారు. చదివినవని గుర్తుండదు కదా, అన్నీ కొత్తవే. నిన్న మధ్యాహ్నం ఉన్నట్టుండి నన్ను పిలిచారు. రెండు ఉత్తరాలు పక్కపక్కన పెట్టి, గుడ్డ మీద సుద్ద గీసేటప్పుడు పెట్టే మొహం పెట్టి, "చూడూ, ఇందులో పరీక్ష పదకొండున అని రాశాడు. ఇందులో బల్ల బాగుచేసింది పదమూడున అంటున్నాడు. కొలతలు తీసుకోకముందే గుడ్డ కోశాడేమిటి మీ అన్నయ్య?" అన్నారు.

నేను చూశాను. ఆయన చెప్పింది నిజం. నేను మూడుసార్లు చదివి కనిపెట్టనిది ఆయన కనిపెట్టారు.

పదకొండున పది మాటలు చెప్పావు. అప్పటికి నీ బల్ల కదలడం లేదు. పదమూడున బాగుచేశావు. మరి బాగుచేశాక పది వచ్చాయని ఎందుకు రాశావు? మతిమరుపా, అబద్ధమా? మతిమరుపైతే నీకూ డాక్టరు కావాలి. అబద్ధమైతే ఏం కావాలో నాకు తెలియదు.

చెల్లి


ఏప్రిల్ 18

చెల్లీ,

అబద్ధం.

పదకొండునే పది మాటలు వచ్చాయి, కదలని బల్ల మీద. పదమూడున కడ్డీ తగిలించాను. నీకు రాసేటప్పుడు వెనకది ముందు, ముందుది వెనక పెట్టాను. తెలియక కాదు. కలం ఒక నిమిషం ఆపి, ఆలోచించి మరీ పెట్టాను. నా పానా వల్లే నేను బాగుపడ్డానని నీకు అనిపించాలి. నాకూ అనిపించాలి.

ఎందుకో కూడా చెబుతాను. డిసెంబరులో ఒక ఉదయం కూరగాయల సంచీ పట్టుకుని నాలుగురోడ్ల కూడలిలో నిలబడిపోయాను. ఇంటికి ఎటు వెళ్ళాలో తెలియలేదు. నాలుగు రోడ్లూ నేను తొక్కించినవే. ఏ రోడ్డు కింద ఎంత మందం కంకర ఉందో చెప్పగలను, మా ఇల్లు ఎటో చెప్పలేకపోయాను. పావుగంట తరువాత ఒక పాలమనిషి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు. అందుకే ఆ పరిశోధనలో చేరాను. చొక్కా గుండీల కబుర్లన్నీ పైమాటలు. నా మెదడు కూడా కడ్డీ ఊడిన యంత్రమే అయితే, బిగిస్తే సరిపోతుంది కదా అని ఆశ.

ఇంకా ఉంది. ఏప్రిల్ మూడున యంత్రాల్ని చూసే మనిషి వచ్చి ఎడమబల్ల విప్పాడు. ఆ రోజే అందరినీ కూర్చోబెట్టి చెప్పారు. ఆ బల్ల పాడవలేదట. కావాలనే అలా చేశారట. సగంమందికి నిజం వణుకు, సగంమందికి ఉత్త మోత. ఎవరిది ఏదో మాకు తెలియకూడదు, పరీక్ష పెట్టే అమ్మాయికీ తెలియకూడదు. చివర్లో రెండు జట్లనూ పోల్చి, మేలు వణుకు వల్లనా లేక రోజూ బయలుదేరి వచ్చి నలుగురితో మాట్లాడటం వల్లనా, ఒకే పరీక్ష రెండోసారి పెట్టడం వల్లనా తేలుస్తారట. మేము తొమ్మిదిమందిమీ మోతవాళ్ళం. మమ్మల్ని వణికించి పెట్టాను. ఆ అమ్మాయి మూడేళ్ళ చదువు ఈ గది మీదే ఉంది.

"ఎవరైనా ముట్టుకున్నారా?" అని అడిగింది. నేను నా చెప్పుల వైపు చూశాను. అందరూ వెళ్ళాక నా దగ్గరికి వచ్చి, పెదవులు కనపడేలా నిలబడి, "సార్, మీకు యంత్రాలు తెలుసు కదా, ఇది ఎలా జరిగి ఉంటుందో ఒక్కసారి చూసి చెబుతారా?" అంది. నేను వంగి చూశాను చెల్లీ. నేను బిగించిన బోల్టునే వేలితో తట్టి, "అదే అరిగి జారి పడి ఉంటుందమ్మా" అన్నాను. రబ్బరు ముక్క అప్పుడు నా జేబులోనే ఉంది. ఆ అమ్మాయి "థాంక్యూ సార్" అని కుర్చీ వేసి కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చింది. తాగాను.

ఆ వెంటనే నీకు రాసిన ఉత్తరమే ఎండలూ పంపూ వాషరూ.

కిటికీ అద్దం సంగతి కూడా చెప్పేస్తాను. నాన్నకు నేను ఎదురెళ్ళి ఒప్పుకున్నది నువ్వు గోడ పక్క నుంచి చూశావని తెలిసే. ఎవరూ చూడకపోతే నేనేమిటో ఇప్పుడు నీకూ తెలిసింది. బావ మోకాళ్ళ గురించి ఒక్క మాటా రాయలేను. రాసే అర్హత లేదు.

నీ ఉత్తరం అందిన మరునాడే, అంటే నిన్న, ఆసుపత్రికి వెళ్ళాను. రబ్బరు ముక్క అమ్మాయి ముందు పెట్టి మొత్తం చెప్పాను. అమ్మాయి అరుస్తుందనుకున్నాను. అరిస్తే బాగుండేది. దాన్ని చేతిలోకి తీసుకుని, "ఏ తారీఖున సార్?" అంది. నాకు గుర్తు రాలేదు. నీ ఉత్తరం తీసి చూసి పదమూడు అని చెప్పాను. అంతవరకు రాసిన లెక్కలు, ఆరోవారం పరీక్షతో సహా, పనికి రావచ్చట. ఆ తరువాతవి పనికిరావట. సగం పనైనా మిగులుతుంది. కాని నా మాట మీద రాసుకోవడం కుదరదట. "అప్పట్లో రాసిపెట్టుకున్నది ఏదైనా ఉందా సార్?" అంది.

ఉంది. మార్చి పదహారు ఉత్తరం. దాన్ని కవరుతో సహా పంపు, పోస్టు ముద్రలో తారీఖు ఉంటుంది. అందులో నేను ఆ పిల్లను చదువుకున్నదని వెక్కిరించింది, మొనగాణ్ణని సంతకం పెట్టింది, అబద్ధం, అన్నీ ఆ అమ్మాయి చదువుతుంది. చదవనీ.

అన్నయ్య


ఏప్రిల్ 25

అన్నయ్యా,

నువ్వు అడిగిన ఉత్తరం ఇందులోనే ఉంది, కవరుతో సహా.

నీ మీద కోపం పోలేదు. పోయిందని రాస్తే అదో అబద్ధం అవుతుంది, మన ఇంట్లో ఒకటి చాలు. కాని కూడలిలో నిలబడ్డ రోజు నాకెందుకు రాయలేదు? నేను మీ బావ ఎడమచేతుల సంగతి సిగ్గు విడిచి రాశాను కదా. నీకు మాత్రం నా దగ్గర పరువా?

డాక్టరు దగ్గర మళ్ళీ పేరు రాయించాను. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టుంది, ఆగస్టు దాకా ఖాళీ లేదన్నారు. రెండు పేర్లు రాయించాను. రెండోది నీది. మీ బావకు నేను చెప్పిన కారణం, "మా అన్నయ్యను డాక్టరుకు చూపించాలి, తోడు రండి" అని. వెంటనే ఒప్పుకున్నారు. "పాపం ఒక్కడే ఎలా వెళతాడు?" అన్నారు. నువ్వు రా. పానా ఇంట్లో పెట్టి రా.

నీ ఉత్తరం ఇవ్వడానికి మీ బావ ఒప్పుకోలేదు. అది ఆయన దిండు కింద ఉంటుంది. మిగతావి వదిలేశారు గాని రోజూ పొద్దున్నే దాన్ని తీసి చదువుతారు. చివరికి నేను కూర్చుని నకలు రాసిచ్చి అసలుది తీసుకున్నాను. పరీక్ష దగ్గరికొచ్చేసరికి సరిచేసి రాద్దామనుకున్నాను, చెయ్యి రాలేదు. నీ అబద్ధం నా చేతిరాతతో అలాగే రాసిచ్చాను. ఆ రోజు తారీఖులు పట్టుకున్నది తానేనని ఆయనకు జ్ఞాపకం లేదు. నువ్వు రాసిందంతా నిజమని రోజూ కొత్తగా నమ్ముతున్నారు.

ఇవాళ నీకు ఆయన కూడా రాస్తానన్నారు. కింద ఉంది. నేను ఆపలేదు.

చెల్లి


బావగారూ,

మీ ఉత్తరం ఇప్పుడే అందింది. ఆసుపత్రి బల్ల మీరే విప్పి బాగుచేశారని, పది మాటలు చెప్పారని చదివి చాలా సంతోషించాను. మీ చేతి పనితనం నాకు మొదటినుంచీ తెలుసు.

మా దుకాణం వెనకగదిలో కూడా అలాంటిది ఒకటి ఉంది. ఎక్కితే కదలడం లేదు. ఏం పాడయిందో మీ చెల్లెలికి తెలియదట. ఇక్కడివాళ్ళను నమ్మి చెయ్యి పెట్టనివ్వడం నాకు ఇష్టం లేదు. మీరు వీలు చూసుకుని వచ్చి దాన్ని బాగుచేసి పెట్టాలి. మీరు వచ్చేదాకా ఎవర్నీ ముట్టుకోనివ్వను.

మీ
బావ